సొంత మ్యూజిక్ ఫాంటు జాబితాలోకి వచ్చింది, కాడలు మాత్రం నోట్లను వదిలేశాయి

చేతిరాత | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా తీరిక దొరికినప్పుడల్లా ఒక మ్యూజిక్ ఫాంటు గీస్తున్నాను. నాకు స్టాఫ్ నోటేషన్ (ఐదు గీతల మీద పాశ్చాత్య సంగీతం రాసే పద్ధతి) నేర్పిన మాస్టారు కలంతో రాసిన పేజీలు ఒక కట్ట నా దగ్గర ఉన్నాయి. ఆయన నోటు తలలు, అంటే స్టాఫ్ మీద కూర్చునే చుక్కలు, గుండ్రంగా ఉండవు. కలం పాళీ ఒక్కసారి వాల్చి లాగినట్టు, కుడివైపుకు బాగా ఎగబాకి ఉంటాయి. ఆ తీరు అచ్చులో చూసుకోవాలని కోరిక.

ఫాంట్లు గీసే ఫాంట్‌ఫోర్జ్ ప్రోగ్రామ్‌లో 94 గుర్తులు గీశాను. స్మూఫుల్ (ఏ సంగీత గుర్తు ఏ సంకేత స్థానంలో ఉండాలో చెప్పే ప్రమాణం) పట్టిక పక్కన పెట్టుకుని ఒక్కో గుర్తునూ దాని సంకేత స్థానంలోనే ఉంచాను. కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేస్తే మామూలు రాత ప్రోగ్రాముల్లో ఫాంటు పేరు కనిపిస్తోంది. నోటేషన్ ప్రోగ్రామ్‌లో మాత్రం మ్యూజిక్ ఫాంట్ల జాబితాలో లేదు. మూడుసార్లు తీసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. (ప్రోగ్రామ్ పేరు చెప్పను. చెబితే చర్చ అటు పోతుందని ఈ వేదికలో పాత చర్చలు చూసి నేర్చుకున్నాను.)

---

నాలుగుఖాళీలు | సోమవారం, రాత్రి 10:15

మీ ఫాంటులో తప్పేమీ లేకపోవచ్చు. మీరు ఇన్‌స్టాల్ చేసింది సగమే. స్మూఫుల్ ఫాంటు అంటే రెండు ఫైళ్ల జంట. బొమ్మలున్న ఫాంటు ఫైలు ఒకటి, ఆ బొమ్మల కొలతలు చెప్పే జేసన్ ఫైలు మరొకటి. డోరికో లాంటి నోటేషన్ ప్రోగ్రాములు జాబితా తయారు చేసుకునేటప్పుడు రెండోదాని కోసం వెతుకుతాయి. వ్యవస్థలో ఉన్న వందల ఫాంట్లలో ఏది సంగీతానికి పనికొస్తుందో వాటికి తెలిసేది దాని వల్లే.

జేసన్ ఉండాల్సిన చోటు కూడా నిర్ణయమై ఉంది. విండోస్‌లో మీ ఒక్కరికే అయితే లోకల్ యాప్‌డేటా, అందరికీ అయితే కామన్ ఫైల్స్. మ్యాక్‌లో లైబ్రరీ కింద అప్లికేషన్ సపోర్ట్. అక్కడ స్మూఫుల్ అని ఒక ఫోల్డరు, దానిలో ఫాంట్స్, దానిలో మీ ఫాంటు పేరుతో ఇంకొకటి, అందులో అదే పేరుతో జేసన్. ఫాంటు లోపలి పేరు, ఫోల్డరు పేరు, ఫైలు పేరు మూడూ ఒక్కలా ఉండాలి. మధ్యలో ఒక ఖాళీ ఎక్కువైనా ప్రోగ్రామ్ మాట్లాడదు, తప్పు ఉందని కూడా చెప్పదు.

మ్యూజ్‌స్కోర్ అనే నోటేషన్ ప్రోగ్రామ్ దారి వేరు. చాలాకాలం అందులో ప్రోగ్రామ్‌తో పాటు వచ్చిన ఫాంట్లు తప్ప బయటివి ఎక్కించే వీలే లేదు. మీది అదే అయితే ముందు విడుదల సంఖ్య చూసుకోండి.

---

పాతకాపీ | సోమవారం, రాత్రి 11:02

ఒకప్పుడు ఈ బాధ లేదు. ఇంతకంటే పెద్ద బాధ ఉండేది.

1986లో అడోబీ కోసం క్లియో హగ్గిన్స్ సొనాటా ఫాంటు గీసినప్పుడు గుర్తులన్నీ మామూలు కీబోర్డు మీటల మీదే కూర్చున్నాయి. & నొక్కితే ట్రెబుల్ క్లెఫ్ (పై స్వరాల స్టాఫ్ మొదట్లో ఉండే గుర్తు), ? నొక్కితే బాస్ క్లెఫ్, # నొక్కితే షార్ప్. గుర్తుపెట్టుకోవడానికి ముచ్చటగానే ఉండేది. ఫినాలే అనే నోటేషన్ ప్రోగ్రామ్‌వాళ్ల ఫాంట్లు పెట్రూచీ, మాయెస్ట్రో చాలావరకు అదే దారి పట్టాయి. కొన్ని గుర్తుల దగ్గర మాత్రం ఎవరి ఇష్టం వాళ్లది. సిబీలియస్ అనే ఇంకో ప్రోగ్రామ్‌వాళ్ల ఓపస్ అయితే ఒక్క ఫాంటు కాదు, కార్డ్ (స్వరసమూహ) గుర్తులకు, డప్పులకు, ప్రత్యేక గుర్తులకు విడివిడిగా ఒక కుటుంబం. ఒక ప్రోగ్రామ్ ఫాంటు తెచ్చి ఇంకో ప్రోగ్రామ్‌లో పెడితే సగం సరిపోయేది, మిగతా సగం నవ్వు తెప్పించేది.

ఇక ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే చూడాలి. ప్రతి వరుస మొదట్లో & అని, కింది స్టాఫ్ మొదట్లో ? అని. నేను పంపిన ఆర్కెస్ట్రా భాగం ఒకటి అట్లాగే అచ్చై తిరిగొచ్చింది. పక్కవాద్యకారుడు ఆ ప్రశ్నార్థకం చూసి «ఇక్కడ ఏం వాయించాలో రాసినవాడికే తెలియలేదు కాబోలు» అన్నాడు.

---

చేతిరాత | మంగళవారం, ఉదయం 7:20

నాలుగుఖాళీలు గారూ, ధన్యవాదాలు. జేసన్ అవసరమని నాకు తెలియనే తెలియదు. రాత్రి ఒక చిన్న స్క్రిప్టు రాసి ఫాంటు నుంచే కొలతలు తీసి ఆ ఫైలు తయారు చేశాను. జాబితాలోకి వచ్చింది! మాస్టారి తలలు తెర మీద చూసి కాసేపు అలా కూర్చుండిపోయాను.

ఆ తర్వాత దగ్గరగా చూశాను. పైకి వెళ్లే కాడలు (నోటు తలకు తగిలించే నిలువు గీతలు) తలకు తగలడం లేదు. తలకూ కాడకూ మధ్య వెంట్రుకవాసి తెల్లగీత. 400 శాతం పెద్దది చేసి చూస్తే స్పష్టంగా ఉంది. కిందికి దిగే కాడలకూ అంతే. ట్రెబుల్ క్లెఫ్ పూర్తిగా ఒక గీత పైకి జరిగింది. వేగం చెప్పే మెట్రోనోమ్ గుర్తులో క్వార్టర్ నోటు ఉండాల్సిన చోట ఖాళీ డబ్బా ఉంది.

---

నాలుగుఖాళీలు | మంగళవారం, ఉదయం 8:05

క్లెఫ్ సంగతి తేలిక. ఫాంటులో ఆధారరేఖ అంటే అక్షరాలు కూర్చునే గీత కదా. మ్యూజిక్ ఫాంటులో ఆ గీత ఒక్కో గుర్తుకు ఒక్కో అర్థం ఇస్తుంది. ట్రెబుల్ క్లెఫ్‌కు అది జీ గీత, అంటే సుడి చుట్టుకునే రెండో గీత. బాస్ క్లెఫ్‌కు ఎఫ్ గీత. నోటు తలలకు, షార్ప్, ఫ్లాట్‌లకు సరిగ్గా ఆ స్వరం కూర్చునే ఎత్తు. మీరు స్టాఫ్ అట్టడుగు గీతను ఆధారరేఖగా పెట్టుకుని క్లెఫ్ గీసి ఉంటారు. ప్రోగ్రామ్ ఆ ఆధారరేఖను జీ గీత మీద పెట్టింది, అందుకే క్లెఫ్ ఒక గీత పైకి పోయింది.

కాడల సంగతికి మీ జేసన్ చూడాలి. నల్ల నోటు తలకు సంబంధించిన యాంకర్ల (కాడ తగిలే చోటు చెప్పే కొలతల) భాగం ఇక్కడ పెట్టండి.

---

చేతిరాత | మంగళవారం, ఉదయం 8:31

యాంకర్ల భాగంలో నల్ల తల కింద ఇలా ఉంది: పేరు «యూనిఈ0ఎ4». స్టెమ్‌అప్ఎస్ఈ (పైకి వెళ్లే కాడకు) విలువలు 335, 52. స్టెమ్‌డౌన్ఎన్‌డబ్ల్యు (కిందికి దిగే కాడకు) విలువలు 0, మైనస్ 52. మిగతా తలలు కూడా ఇదే పద్ధతి. కుడి అంచు ఫాంట్‌ఫోర్జ్‌లో కొలిస్తే సరిగ్గా 335 యూనిట్ల దగ్గరే ఉంది, అందుకే అనుమానం రాలేదు.

---

నాలుగుఖాళీలు | మంగళవారం, ఉదయం 8:50

పేరు తప్పు. మీ స్క్రిప్టు ఫాంట్‌ఫోర్జ్ పెట్టిన పేరునే ఎత్తి రాసింది. ఫాంటు లోపల గుర్తుకు ఏ పేరున్నా ఫరవాలేదు, ప్రోగ్రామ్ దాన్ని సంకేత స్థానంతోనే వెతుకుతుంది. జేసన్‌లో మాత్రం ప్రమాణంలోని అసలు పేరు ఉండాలి. ఈ0ఎ4 స్థానానికి ఆ పేరు నోట్‌హెడ్‌బ్లాక్, మధ్యలో ఖాళీ లేకుండా, రెండో పదం మాత్రం పెద్ద అక్షరంతో మొదలై. ప్రమాణంతో పాటు వచ్చే గ్లిఫ్‌నేమ్స్ అనే ఫైలులో ఏ స్థానానికి ఏ పేరో మొత్తం జాబితా ఉంటుంది. మీ స్క్రిప్టును దానికి కలపండి.

ఇప్పుడు ప్రోగ్రామ్‌కు మీ యాంకర్లు కనిపించక, గుర్తు చుట్టూ ఉండే ఊహా దీర్ఘచతురస్రం అంచుకు కాడ తగిలిస్తోంది. గుండ్రటి తలకైతే అది తెలిసేది కాదు. మీ తల ఏటవాలు కాబట్టి బయటపడింది.

---

చేతిరాత | మంగళవారం, మధ్యాహ్నం 1:12

పేర్లు మార్చాను. ఇప్పుడు కాడలే లేవు.

అంటే, ఒక్క కాడ కూడా కనిపించడం లేదు. పేజీ నిండా తలలు మాత్రం చుక్కల్లా పడి ఉన్నాయి. పొద్దున ఉన్నదే నయం.

---

ఐదోగీత | మంగళవారం, మధ్యాహ్నం 1:25

కాడలు ఉన్నాయి. మీ పేజీలో లేవు, అంతే. :)

మీరు 335 అని రాశారు. అది ఫాంటు యూనిట్లు. జేసన్‌లో కొలతలన్నీ స్టాఫ్ ఖాళీల్లో ఉండాలి, అంటే రెండు గీతల మధ్య దూరం ఒకటిగా. పొద్దున పేరు తప్పు కాబట్టి ప్రోగ్రామ్ ఆ అంకెను చదవనే లేదు. ఇప్పుడు మీరు చెప్పినట్టు విని, కాడను తల నుంచి 335 ఖాళీల అవతల నిలబెట్టింది. స్టాఫ్ ఎత్తు 7 మిల్లీమీటర్లు అనుకోండి, ఒక్కో ఖాళీ 1.75. ఆ లెక్కన మీ కాడ 586 మిల్లీమీటర్ల దూరంలో ఉంది. ఏ4 కాగితం వెడల్పు 210. రెండు కాగితాలు దాటి మూడోదాని మీద వెతకండి.

లెక్క ఇది. స్మూఫుల్‌లో ఒక ఎమ్ (ఫాంటు గీసే గడి ఎత్తు) అంటే నాలుగు ఖాళీలు, అంటే ఐదు గీతల స్టాఫ్ ఎత్తంత. మీ ఫాంటు ఎమ్ 1000 యూనిట్లయితే ఒక ఖాళీ 250. 335ను 250తో భాగిస్తే 1.34. 52ను భాగిస్తే 0.208. పోల్చుకోవడానికి, డోరికోతో వచ్చే బ్రవూరా ఫాంటులో నల్ల తలకు ఇవే విలువలు 1.18, 0.168. మీ మాస్టారి తల నిజంగానే వెడల్పు.

మీ ఎమ్ 2048 అయితే 512తో భాగించాలి. ముందు అది చూసుకోండి.

---

చేతిరాత | మంగళవారం, మధ్యాహ్నం 2:03

1000యే. భాగించాను. అతుక్కున్నాయి! కాడ అంచు తల వాలులోకి దిగి, కలంతో ఒకే ఊపులో రాసినట్టుంది. క్లెఫ్ కూడా సర్దుకుంది.

ఇప్పుడు ఇంకొకటి. తలలు, క్లెఫ్‌లు మాస్టారి చేతిలా దట్టంగా ఉన్నాయి. స్టాఫ్ గీతలు, కాడలు, బీములు (కాడలను కలిపే అడ్డగీతలు) మాత్రం సన్నగా, ఎవరో వేరేవాళ్లు గీసినట్టున్నాయి. ఇవి ఫాంటులో ఎక్కడ గీయాలి?

---

పాతకాపీ | మంగళవారం, సాయంత్రం 5:44

గీయరు. అక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. స్టాఫ్ గీతలు, కాడలు, బీములు, స్లర్లు (నోట్లను కలిపే వంపు గీతలు), ధ్వని పెంచమనే క్రెషెండో కోణాలు, ఇవన్నీ ప్రోగ్రామ్ స్వయంగా గీసేవి. ఫాంటు నుంచి వచ్చేది గుర్తులు మాత్రమే. పేజీ మీద నలుపులో పెద్ద వాటా గీతలదే కాబట్టి, ఫాంటు మార్చినా పేజీ ముఖం మారలేదేమని విసుక్కుంటారు.

---

ఐదోగీత | మంగళవారం, సాయంత్రం 6:10

అందుకే జేసన్‌లో ఎన్‌గ్రేవింగ్ డిఫాల్ట్స్ అనే భాగం ఉంది. ఈ ఫాంటుకు ఏ మందం గీతలు నప్పుతాయో గీసినవాళ్లే చెప్పుకునే చోటు అది. బ్రవూరాలో స్టాఫ్ గీత 0.13, కాడ 0.12, లెడ్జర్ గీత (స్టాఫ్ దాటిన స్వరాలకు వేసే చిన్న గీత) 0.16, బీము 0.5, బీముల మధ్య సందు 0.25. అన్నీ స్టాఫ్ ఖాళీల్లోనే. మీరు మాస్టారి పేజీని స్కాన్ చేసి కొలవండి. కలం రాత కాబట్టి గీతలన్నీ ఒకే మందం ఉండవు, సగటు తీసుకోండి.

---

అచ్చుబల్ల | మంగళవారం, రాత్రి 8:30

ఇక్కడ నేను ఒప్పుకోను. గీతల మందం నిర్ణయించాల్సింది ఫాంటు కాదు, పుస్తకం వేసేవాళ్లు. మా దగ్గర ప్రతి ప్రచురణకూ ఒక శైలి ఉంటుంది. ఫాంటు మార్చగానే 200 పేజీల్లో బీముల మందం దానంతట అదే మారిపోతే, బీములు, స్లర్లు ఒకదాన్నొకటి తగిలే చోట్లన్నీ మళ్లీ సరిచూసుకోవాలి. ఒకసారి అలాగే అయింది. ఎవరో ఫాంటు మార్చి చూసి, మళ్లీ పాతదానికి తిప్పారు. ఫాంటు తిరిగొచ్చింది, మందాలు కొత్తవే ఉండిపోయాయి. అచ్చు ప్రూఫు వచ్చేదాకా ఎవరూ గమనించలేదు.

---

ఐదోగీత | మంగళవారం, రాత్రి 8:52

అది ఫాంటు తప్పు కాదు కదండీ, అడగకుండా మార్చడం తప్పు. మ్యూజ్‌స్కోర్‌లో ఫాంటు ఎంచుకునే చోట, దాని శైలి అమరికలు కూడా తెచ్చుకోవాలా అని ఒక గడి ఉంటుంది. టిక్కు తీసేస్తే గుర్తులు మాత్రమే మారతాయి. సలహా ఫాంటుది, నిర్ణయం మీది.

---

అచ్చుబల్ల | మంగళవారం, రాత్రి 9:07

గడి ఉందని తెలిసినవాళ్లకు. సరే, ఇంతకంటే వాదించను.

---

లిల్లీతోట | బుధవారం, ఉదయం 6:15

లిల్లీపాండ్ అనే నోటేషన్ ప్రోగ్రామ్ వాడే మేము వేరే ఊళ్లో ఉంటాం కాబట్టి ఒక మాట. మా ఎమెంటాలర్ ఫాంటు స్మూఫుల్ సంకేత స్థానాలతో పని చేయదు. ప్రోగ్రామ్ గుర్తును పేరుతోనే పిలుస్తుంది. మీ నల్ల తల మాకు «నోట్‌హెడ్స్.ఎస్2». కాడ తగిలే చోటు లాంటి కొలతలకు పక్కన జేసన్ ఉండదు, ఫాంటు ఫైలు లోపలే ప్రత్యేక పట్టికల్లో దాచి ఉంటాయి. కాబట్టి స్మూఫుల్ ఫాంటును తెచ్చి నేరుగా పడేస్తే పని జరగదు. పేర్లు మార్చి, పట్టికలు చేర్చి, కొత్తగా కట్టాలి.

ఇంకా ఉంది. ఎమెంటాలర్ ఒక్క ఫాంటు కాదు. 11, 13, 14, 16, 18, 20, 23, 26 అని ఎనిమిది పరిమాణాలకు ఎనిమిది, బ్రేసులకు (స్టాఫ్‌లను కలిపే వంకర బ్రాకెట్లకు) ఇంకొకటి. చిన్న స్టాఫ్‌కు వాడే గుర్తులు పెద్దవాటిని కుదించినవి కావు. చిన్నగా అచ్చైనప్పుడు పీలగా కనిపించకుండా వాటిని కాస్త బొద్దుగా గీశారు. సీసపు అచ్చు రోజుల్లో ఒక్కో సైజుకూ వేరే అక్షరం చెక్కేవాళ్లే, అదే పద్ధతి. చేతిరాత గారూ, మీరు గ్రేస్ నోట్లు (అలంకారంగా చిన్నగా రాసే నోట్లు) ఒకసారి అచ్చు తీసి చూడండి. తెర మీద కాదు, కాగితం మీద.

---

చేతిరాత | బుధవారం, ఉదయం 9:30

తీశాను. మీరన్నట్టే పీలగా ఉన్నాయి. మాస్టారి పేజీ తీసి చూస్తే ఆయన గ్రేస్ నోట్ల తలలు చిన్నవే గానీ, సిరా మాత్రం పెద్దవాటికి పెట్టినంతా పెట్టారు. ఇన్నేళ్లూ గమనించలేదు.

---

కొత్తచేరిక | బుధవారం, మధ్యాహ్నం 12:18

చర్చ మధ్యలో దూరినందుకు క్షమించండి. నాకు మొత్తం ఫాంటు గీసే ఓపిక లేదు. బ్రవూరా తెరిచి ట్రెబుల్ క్లెఫ్ ఒక్కటి మార్చి అదే పేరుతో దాచుకున్నాను. జేసన్ కూడా సిద్ధంగా ఉంది కాబట్టి ఏ ఇబ్బందీ రాదనుకున్నాను. ఒక్కోసారి పాత క్లెఫ్, ఒక్కోసారి కొత్త క్లెఫ్ వస్తోంది. ఎందుకు?

---

నాలుగుఖాళీలు | బుధవారం, మధ్యాహ్నం 12:40

ఒకే పేరుతో రెండు ఫాంట్లున్నాయి, వ్యవస్థకు ఏది ముందు దొరికితే అది ఇస్తోంది. ప్రోగ్రామ్ తనతో తెచ్చుకున్న బ్రవూరా ఒకటి, మీది ఒకటి. పైగా వ్యవస్థ పాత ఫాంట్లను గుర్తుపెట్టుకునే కాష్ ఒకటి.

సాంకేతిక కారణం పక్కన పెట్టినా పేరు మార్చక తప్పదు. బ్రవూరా ఎస్ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉంది. మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. కానీ «బ్రవూరా» అనేది ప్రత్యేకించి ఉంచుకున్న పేరు, మార్చిన ఫాంటుకు అది పెట్టకూడదు. ఫాంటు లోపలి పేరు, ఫోల్డరు, జేసన్, జేసన్ లోపలి ఫాంట్‌నేమ్ విలువ, నాలుగు చోట్లా కొత్త పేరు పెట్టండి. క్లెఫ్ వెడల్పు మారితే దాని చుట్టూ ఉండే దీర్ఘచతురస్రం కొలతలు కూడా.

---

చేతిరాత | బుధవారం, మధ్యాహ్నం 3:26

మెట్రోనోమ్ డబ్బా సంగతి ఎవరూ చెప్పలేదు. ఆ గుర్తు గీశాను, స్థానం కూడా సరైనదే.

---

ఐదోగీత | బుధవారం, మధ్యాహ్నం 3:50

ఆ నోటు స్టాఫ్ మీద లేదు, రాత మధ్యలో ఉంది. అక్కడ ప్రోగ్రామ్ వెతికేది మీ మ్యూజిక్ ఫాంటును కాదు, దాని రాత జోడీని. బ్రవూరాకు బ్రవూరా టెక్స్ట్ ఉన్నట్టు మీకూ ఒకటి కావాలి. గుర్తులు అవే, పరిమాణం మాత్రం పక్క అక్షరాలకు తగ్గట్టు, వరుసల మధ్య దూరం మామూలు ఫాంటులా ఉండేలా సర్దినవి. అసలు ఫాంటునే రాతలో వాడితే గుర్తుల ఎత్తు వల్ల వరుసల మధ్య పెద్ద అగాధం ఏర్పడుతుంది.

తొందరగా పని కావాలంటే టెంపో రాతకు బ్రవూరా టెక్స్ట్ పెట్టుకోండి. కానీ మీ మాస్టారి పేజీలో అది పరాయి చేతిరాత అవుతుంది.

---

పాతకాపీ | బుధవారం, సాయంత్రం 6:05

యూనికోడ్‌లోనే సంగీత గుర్తులకు చోటుంది కదా, ఇదంతా ఎందుకని ఎవరో అడిగేలోపు నేనే చెబుతాను. 2001లో యూనికోడ్ 3.1తో ఒక విభాగం వచ్చిన మాట నిజమే. అందులో మొత్తం 256 స్థానాలు. అచ్చు నోటేషన్‌కు గుర్తులు వేలల్లో కావాలి. అందుకే స్టైన్‌బర్గ్‌లో డేనియల్ స్ప్రెడ్‌బరీ 2013లో స్మూఫుల్‌ను మొదలుపెట్టినప్పుడు యూనికోడ్ ఎవరికీ కేటాయించని ప్రైవేటు ప్రాంతాన్ని ఎంచుకున్నారు. ఇప్పుడు దాన్ని చూసుకునేది వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యు3సీ కింద ఉన్న నోటేషన్ బృందం. ప్రైవేటు ప్రాంతం వల్ల ఒక మేలుంది. ఫాంటు లేకపోతే డబ్బా వస్తుంది. నా రోజుల్లోలా & రాదు.

ఆ రోజులు ఇంకా పోలేదు కూడా. 2024 ఆగస్టులో ఫినాలే అభివృద్ధి ఆపేస్తున్నట్టు ప్రకటించాక పాత ఫైళ్లను మ్యూజిక్‌ఎక్స్‌ఎంఎల్ (ప్రోగ్రాముల మధ్య సంగీతం మార్చుకునే ఫైలు రూపం) ద్వారా బయటికి తెస్తున్నాను. స్వరాలు చక్కగా వస్తున్నాయి. మాయెస్ట్రో ఫాంటులో నేను చేత్తో రాత రూపంలో పెట్టుకున్న గుర్తులు మాత్రం వట్టి అక్షరాలై దిగుతున్నాయి. టెంపో దగ్గర క్వార్టర్ నోటు బదులు «క్యూ» అక్షరం. ఒక్కోటీ చేత్తో దిద్దుతున్నాను.

---

అచ్చుబల్ల | బుధవారం, రాత్రి 7:40

అచ్చుకు పంపే ముందు ఒక్కటి చూసుకోండి. ఫాంటు సమాచారంలో పొందుపరిచే అనుమతి అనే అమరిక ఉంటుంది. అది «నిషిద్ధం» అని ఉంటే పీడీఎఫ్‌లోకి మీ ఫాంటు ఎక్కదు, అవతల తెరిస్తే గుర్తులుండవు. సొంత ఫాంటుకే తాళం వేసుకుని కూర్చున్నవాళ్లను చూశాను.

---

చేతిరాత | గురువారం, రాత్రి 10:20

అనుమతి సరిచూశాను, బాగానే ఉంది. టెక్స్ట్ జోడీ తయారైంది. స్టాఫ్ గీత 0.15, కాడ 0.16 పెట్టాను. ఆయన కాడలు గీతలకంటే కాస్త బరువు, బ్రవూరాలో ఉన్నదానికి తిరగబడి. గ్రేస్ నోట్లకు వేరే తలలు గీయడం మొదలుపెట్టాను, అది ఇంకో రెండేళ్ల పని కాకుండా చూడాలి.

మిగిలింది ఒక్కటే. ఎనిమిదో నోటు జెండా (కాడ చివర ఉండే తోక) సరిగ్గా ఉంది. పదహారో నోటు జెండా మాత్రం కాడ చివరన కొద్దిగా కిందికి దిగి, పైన కాడ ముక్క మొలకలా పొడుచుకు వస్తోంది.

---

నాలుగుఖాళీలు | గురువారం, రాత్రి 10:41

జెండాలకు సున్నా ఎత్తు అంటే మామూలు పొడవున్న కాడ చివర. సున్నా అడ్డం అంటే కాడ ఎడమ అంచు. పదహారో జెండాకు రెండు తోకలు కాబట్టి పైకి కాస్త ఎత్తు పెరగవచ్చు, ఆ పెరిగిన మేరకు కాడను పొడిగించమని యాంకరు చెబుతుంది. మీ జెండా పై అంచు ఎక్కడుందో, యాంకరు ఏమంటోందో చూడండి.

---

చేతిరాత | గురువారం, రాత్రి 10:58

యాంకరు 0.16 పైకి అంటోంది. జెండా సున్నా దగ్గరే ఆగిపోయింది. 40 యూనిట్లు పైకి జరిపాను, మొలక పోయింది.